మా తాత చెప్పిన మాట

ఆకెన్, జర్మనీ, ఏప్రిల్

చిరంజీవి రిషితకు మీ తాత బీరయ్య దీవించి రాసేది.

నేను బాగున్నాను. నువ్వు బాగా లేవు. ఆదివారం ఫోన్‌లో నీ గొంతు విన్నాను. తోడేలు వాసన తగిలిన గొర్రె అరవదు. మెడ ఎత్తి ఊరికే నిలబడుతుంది. నువ్వట్లా మాట్లాడావు. "మంచిగున్న తాత, తిన్న తాత" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశావు. మీ అత్త సుభద్రకు ఏమీ తెలియలేదు. ఆమె ఒక చెవి మనకిచ్చి ఒక చెవి ఆఫీసుకిస్తుంది.

ఈ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది. అందుకే చేత్తో రాస్తున్నాను. పెద్దయ్యాక రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు. వంకరగా ఉంటే ఉండనీ, నువ్వు చదవగలవు. కవరు మీద అడ్రసు మీ మామ జితేంద్ర రాశాడు. "ఏం రాసినవ్ మామా" అన్నాడు. "నీకెందుకు" అన్నాను. పోస్టు చీటీల కొట్టుకు నన్ను వాళ్ళ కూతురు ఈషా తీసుకెళ్తుంది. అయిదేళ్ళ పిల్ల. నేను తెలుగులో అడుగుతాను, అది జర్మన్‌లో చెబుతుంది, ఇద్దరం కొట్టుకే చేరతాం.

కూతురి ఇల్లు చూద్దామని మందను తమ్ముడి కొడుక్కి అప్పజెప్పి వచ్చాను. ఇక్కడి చలికి, చప్పుడు లేని వీధులకు భయపడే మనిషిని కాను. నీ గొంతుకు భయపడ్డాను.

ఇంకొక మాట. జితేంద్ర దోస్తులు వచ్చి "పెద్దాయనా, మనవరాలు మాగ్డెబర్గ్‌ల ఏం చదువుతది" అన్నారు. అందరి పిల్లలూ మిషన్లు, కంప్యూటర్లు. నేను అమెరికా కథలు అన్నాను. నవ్వారు. "అమెరికా కథలకు జర్మనీ దాక దేనికొచ్చింది" అన్నారు. నవ్వులపాలు కావడం నాకు అలవాటు లేదు. జవాబు రాయి. నీ భయం ఏమిటో కూడా రాయి.

బీరయ్య


మాగ్డెబర్గ్, ఏప్రిల్

తాతా,

నీ కవరు చూసి ముందు ఇంకేదో అనుకున్నాను. ఇక్కడ పోస్ట్ డబ్బాలో చేయి పెట్టాలంటే ఈమధ్య నాకు ఇష్టముండటం లేదు. తర్వాత నీ అక్షరాలు చూసి మెట్ల మీదే కూర్చుని చదివాను. నాకేం కాలేదు. చదువు ఎక్కువైంది, అంతే.

వాళ్ళకు చెప్పాల్సిన జవాబు ఇది. అమెరికా వాళ్ళు ఇంగ్లండ్ రాజును కొట్లాడి వెళ్ళగొట్టారు. జెండా వచ్చింది, సర్కారు వచ్చింది. కానీ కలం మాత్రం ఇంకా ఆ రాజుకే దండం పెడుతూ ఉండేది. వాళ్ళ అడవుల్లో లేని పిట్టల మీద పద్యాలు రాసేవారు, ఎందుకంటే లండన్‌లో ఆ పిట్టల మీదే రాసేవారు కాబట్టి. మీకొక కథ కూడా సొంతంగా లేదని ఇంగ్లండ్ వాళ్ళు వెక్కిరించేవారు. అప్పుడు కొందరు కథలు వెతుక్కున్నారు. ఒకాయన జర్మనీ కొండల్లోని మేకలకాపరి కథ ఒకటి పట్టుకున్నాడు. కొండ మీద పడుకుని ఇరవై ఏళ్ళకు లేచినవాడి కథ. దాన్ని తీసుకుపోయి తన ఊరి నది ఒడ్డున నాటాడు. అక్కడ వాడు రాజు మనిషిగా పడుకుంటాడు, రాజు లేని దేశంలో లేస్తాడు. ఆ కొండ నాకు దగ్గరే, రైల్లో వెళ్ళి చూసొచ్చాను. అందుకే తాతా, అమెరికా కథలకు జర్మనీ.

నువ్వు చెప్పే గొర్లకాపరి కథ కూడా అట్లాంటిదే కదా. పోయిన సెలవుల్లో నీ గొంతులో రికార్డు చేసుకున్నాను, నా థీసిస్‌లో పెట్టాను. అది నీకెవరు చెప్పారు? సరిగ్గా గుర్తు చేసుకుని రాయి. ఎవరు చెప్పారో త్వరగా రాయి.

రిషిత


ఆకెన్, మే

రిషితకు,

నువ్వు మనవరాలివా, పోలీసువా. కథ ఎవరు చెప్పారని అడుగుతున్నావు. మొదటి మాటలోనే ఉంది కదా. "మా తాత చెప్పిన మాట" అనే కదా మొదలుపెడతాను.

తప్పిపోయిన గొర్రె కోసం కాపరి గుట్ట ఎక్కాడు. గుట్ట మీద ఎవరో ముసలివాళ్ళు గుండ్లు దొర్లిస్తూ ఆడుతున్నారు. కల్లు పోశారు. తాగాడు, పడుకున్నాడు. లేచేసరికి గడ్డం బొడ్డు దాకా, చేతి కర్ర చెదలు తిని పొడి. కుక్క లేదు. దిగి వచ్చాడు. దొర గడీ ఉన్నచోట పోలీసు ఠాణా ఉంది. "ఎవరి మనిషివిరా" అన్నారు. "నైజాం సర్కారు మనిషిని. గడ్డి మేపినందుకు పుల్లరి గట్టిన, ఇగో రశీదు" అన్నాడు. నైజాం పోయి ఎన్నో ఏళ్ళయింది. ఇంకా నైజాం పేరు చెప్పేవాడు ఎవడని కట్టెలు పట్టుకుని చుట్టూ చేరారు. అప్పుడు కాపరి నాలుక మడిచి మందను పిలిచాడు. ఎక్కడో గట్టు అవతల మేసే గొర్రెలు, వాడు చూసిన గొర్రెల మనవరాళ్ళ మనవరాళ్ళు, తలలెత్తి పరుగున వచ్చి వాడి చుట్టూ నిలబడ్డాయి. జనం కట్టెలు దించారు.

కథలో తప్పేముంది. నీ గొంతులో తప్పుంది. ఏమీ కాలేదని రాశావు, ఎవరు చెప్పారని రెండుసార్లు అడిగావు. ఏమీ కానివాళ్ళు రెండుసార్లు అడగరు. దాచకు. నేను మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మీ అత్త నాకు ఊరు మీద బెంగ అనుకుంటోంది.

బీరయ్య


మాగ్డెబర్గ్, మే

తాతా,

అత్తకు చెప్పనని ముందు ఒప్పుకుని తర్వాత చదువు. అత్తకు తెలిస్తే అదే గంటలో నాన్నకు తెలుస్తుంది.

నా ప్రొఫెసరమ్మ థీసిస్ మొదటి ప్రతి చదివి పిలిచింది. నీ కథ అమెరికా కథకు మరీ దగ్గరగా ఉందంది. గుండ్లు దొర్లించేవాళ్ళు, కల్లు, కుక్క, మారిన సర్కారు, అన్నీ ఉన్నాయి. పాత జర్మన్ కథలో సర్కారు మారడం లేదు, అమెరికా కథలో ఉంది, మీ తాత కథలో ఉంది, ఎట్లా అంది. మా కురుమల్లో తరతరాలుగా చెప్పుకునే కథ, మా తాతకు వాళ్ళ తాత చెప్పాడు అని నేను రాశాను. ఆమె వేలు పెట్టి ఇంకో పేజీ చూపించింది. నీకు ఈ కథ చెప్పాడన్న మీ తాత నైజాం పోకముందే చనిపోయాడని అక్కడ నేనే రాశాను. నువ్వే చెప్పావు అది. నైజాం పోకముందే పోయిన మనిషి, నైజాం పోయాక జరిగిన కథ ఎట్లా చెబుతాడు తాతా?

నేను కథను పుట్టించి మా తాత పేరు పెట్టానని వాళ్ళ అనుమానం. కమిటీ ముందుకు రమ్మన్నారు. అన్‌హోరుంగ్ అంటారు, మన పంచాయతీ లాంటిది. అబద్ధమని తేలితే చదువులోంచి పేరు తీసేస్తారు. చదువు లేకపోతే నా వీసా లేదు. వీసా లేకపోతే ఈ దేశంలో నేను ఎవరినీ కాను.

రాత్రి నిద్ర లేదు. ట్రామ్‌లో ఎవరైనా నా వైపు చూస్తే వాళ్ళకు తెలిసిపోయిందనిపిస్తుంది. నిజం చెప్పు. ఆ కథ నీదేనా?

రిషిత


ఆకెన్, మే

రిషితకు,

నీ ఉత్తరం స్నానాల గదిలో తలుపేసుకుని చదివాను. నీ తాత అబద్ధాలకోరని ఒక తెల్ల దేశంలో కాగితం మీద రాస్తారా. నన్ను అన్నా పడతాను. నీ పేరు తీసేస్తే ఎట్లా.

విను. మంద వలస పోయినప్పుడు పొద్దుగూకాక అందరూ ఒకచోట కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు ఊఁ కొడతారు. చెప్పేవాడు "మా తాత చెప్పిన మాట" అనాలి. అనకపోతే ఎవడూ ఊఁ కొట్టడు. నిన్న సంతలో చూసిన దొంగ కథ చెప్పినా అట్లాగే మొదలుపెట్టాలి. తల్లి పాలు మానని పిల్లవాడు చెప్పినా అంతే. అది అబద్ధం కాదు. అది కథకు గొంగడి కప్పడం. అందరికీ తెలుసు. నీకు తెలియదని నాకు తెలియదు.

నాకు ఆ కథ చెప్పింది కనకయ్య. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, మా మందల్లో అంత బాగా చెప్పేవాడు లేడు. కనకయ్య పోయాడు. భార్య బాలామణి ఉంది. ముసలిది, నోరు పెద్దది, మతి మాత్రం పోలేదు. ఆమెను అడుగుతాను.

ఇక్కడ పసుప్పచ్చ కవర్లు వస్తాయి. ఆఫీసుల నుంచి వచ్చేవి అట్లా ఉంటాయని జితేంద్ర చెప్పాడు. నిన్నటి నుంచి మధ్యాహ్నం పోస్ట్ డబ్బా తాళం నా దగ్గరే పెట్టుకుంటున్నాను. నీ పేరు మీద కవరు ఇక్కడికి రాదని తెలుసు. అయినా ఒక్కొక్క కవరూ తిప్పి చూస్తున్నాను. ఈషా "ఓపా, వాస్ ఇస్ట్ దెన్" అంటుంది. ఏమైంది తాతా అని అడుగుతోందట. ఏం కాలేదు అంటాను. నీ మాటే నాకూ అంటుకుంది.

బీరయ్య


మాగ్డెబర్గ్, జూన్

తాతా,

టెర్మిన్ వచ్చింది, కమిటీ ముందు హాజరయ్యే తేదీ. వచ్చే గురువారం కాక ఆపై గురువారం, పొద్దున. కాగితం మీద చూశాక వంట మానేశాను. హార్జ్ కొండల్లో క్లాస్తాల్‌లో చదివే నా స్నేహితుడు కౌశల్ వచ్చి ఒక రోజు వంట చేసి పెట్టి వెళ్ళాడు. "ప్లేట్ల పెట్టిన, తిను" అన్నాడు. తిన్నాను. వాడు వెళ్ళాక అంతా బయటికొచ్చింది.

బాలామణి అవ్వ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి పంపు. నువ్వు చెప్పిన కథే ఆమె కూడా చెబితే చాలు. వాళ్ళాయన చెప్పాడని చెబితే చాలు. నువ్వు కాక ఈ కథ తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉన్నారని చూపించాలి. నా దగ్గర ఇంకేం లేదు.

రిషిత


ఆకెన్, జూన్

రిషితకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

సుభద్ర ఆఫీసుకు పోయినప్పుడు బాలామణితో మాట్లాడాను. ఫోన్ ఎత్తగానే "ఏంది బీరిగా, జర్మనీ పోయినవట, ఆడ గొర్లున్నయా" అంది. కథ సంగతి అడిగాను. నవ్వింది. "ఆ కథ మా ఆయనది గాదు. ఇస్కూలుది" అంది.

మా ఊళ్ళో బడి కొత్తగా పెట్టినప్పుడు కోస్తా నుంచి హైమావతి అనే టీచరమ్మ వచ్చింది. ఇంగ్లీషు పుస్తకంలోంచి పిల్లలకు కథలు చెప్పేది. బడి వెనక బీడుపడ్డ పడావు పొలం. కనకయ్య అక్కడ మందను మేపుతూ కిటికీ అవతల నిలబడి వినేవాడట. పడుకున్నవాడి కథ అట్లా విన్నాడు. ఆ పుస్తకంలో ఏ రాజో ఉండేవాడట. కనకయ్య ఆ రాజును తీసేసి నైజాంను పెట్టాడు, పుల్లరి పెట్టాడు. మంద దగ్గరికి వచ్చి మా తాత చెప్పిన మాట అన్నాడు. మేం ఊఁ కొట్టాం.

కాబట్టి నీ ప్రొఫెసరమ్మ అన్నదే నిజం. అది అమెరికా కథే. ఇన్నేళ్ళూ మాదనుకుని ఛాతీ విరుచుకుని చెప్పాను.

ఇంకా ఉంది. ముగింపు చెప్పమన్నాను. ఆమె "గొర్లు రాలే" అంది. కనకయ్య కథలో కాపరి పిలుస్తాడు, ఒక్క గొర్రె కూడా తలెత్తదు. వాడు మళ్ళీ గుట్ట ఎక్కి పడుకుంటాడు. అవును, అట్లాగే చెప్పేవాడు. నాకు గుర్తుంది. నీకు అయిదేళ్ళప్పుడు ఆ ముగింపు చెబితే నువ్వు గొంగడిలో ముఖం పెట్టి ఏడ్చావు. "గొర్లు ఎందుకు రాలే తాతా" అని వెక్కిళ్ళు పెట్టావు. మర్నాడు వచ్చాయని చెప్పాను. అప్పటి నుంచి అందరికీ వచ్చాయనే చెబుతున్నాను.

ఇద్దరు సాక్షులు రెండు తీర్లు చెబితే మన పంచాయతీలో ఇద్దరికీ దెబ్బలు పడతాయి. అందుకని బాలామణికి నేర్పబోయాను. "గొర్లు వచ్చినయని చెప్పు బాలామణీ, పిల్ల బతుకు" అన్నాను. గంటసేపు బతిమాలాను. జన్మలో ఎవరినీ బతిమాలలేదు. ఆమె ఏమందో తెలుసా. "సచ్చినోని కథను నేను మార్చ. నువ్వు మార్చినవ్, నీ ఇష్టం. ఆయన గొర్లు రాలే అంటే రాలే." ఫోన్ పెట్టేసింది. కాసేపటికి తనే మనవడి ఫోన్‌లో కథంతా చెప్పి పంపించింది. రాలేదనే చెప్పింది.

అది నీకు పంపకూడదనుకున్నాను. రెండు రోజులు దాచాను. పంపితే నిన్ను నేనే ముంచినట్టు. పంపకపోతే నీ చేతిలో ఏమీ లేదు. మతి పనిచేయక చివరికి సుభద్రకు చెప్పేశాను. మాట తప్పాను. ఆమె తిట్టలేదు. చెప్పుల బల్ల మీద కూర్చుండిపోయింది. తర్వాత "నాన్నా, ఉన్నది ఉన్నట్టు పంపుదాం. అన్నకు నేను చెప్ప" అంది. ఇవాళ పంపిస్తోంది.

నేను వచ్చి వాళ్ళ ముందు నిలబడనా? రైలు ఎక్కించమంటే సుభద్ర ఎక్కిస్తుంది. తప్పు నాదని చెబుతాను.

బీరయ్య


మాగ్డెబర్గ్, జూన్

తాతా,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. నువ్వు అక్కడ ఉంటే నేను నీ ముఖమే చూస్తూ ఉండేదాన్ని.

ముగ్గురు కూర్చున్నారు. ప్రొఫెసరమ్మ, ఒక ముసలి ప్రొఫెసర్, ఆఫీసు నుంచి ఒకామె. ఆఫీసామె ముందు నా వీసా కార్డు అడిగి తీసుకుంది. టేబుల్ మీద తన వైపు పెట్టుకుంది. ఎవరి మనిషివి అని అడిగినట్టే అనిపించింది.

నేను తప్పు రాశానని మొదటే చెప్పాను. మా తాత చెప్పిన మాట అనేది కథకు ముందు అనే మాట అనీ, నేను దాన్ని సాక్ష్యం అనుకున్నాననీ చెప్పాను. హైమావతి టీచరమ్మ సంగతి, కిటికీ సంగతి చెప్పాను. ప్రొఫెసరమ్మ "అయితే ఇది అమెరికా కథేనని ఒప్పుకుంటున్నావు" అంది. అవునన్నాను. పెన్ను కింద పెట్టింది. అయిపోయింది అనుకున్నాను తాతా. సామాన్లు ఎట్లా సర్దాలా అని కూడా ఆలోచించాను.

అప్పుడు ముసలాయన రికార్డులు వినిపించమన్నాడు. బాలామణి అవ్వ గొంతు, నీ గొంతు. నేను వాక్యం వాక్యం జర్మన్‌లో చెప్పాను. గొర్రెలు రాలేదు అని అవ్వ అన్నచోట రికార్డు ఆపి, తల దించుకుని ఆ మాట చెప్పాను. ఇక కొడతారనుకున్నాను. నువ్వు నేర్పిన పంచాయతీయే కదా నాక్కూడా. ముసలాయన ముందుకు వంగి, ఎందుకు రెండు ముగింపులని అడిగాడు. నేను ఏడ్చానని మా తాత మార్చాడు అన్నాను. ఆయన ప్రొఫెసరమ్మ వైపు తిరిగి అన్నాడు, దొంగిలించి పుట్టించిన పిల్ల ఒకే ముగింపు తెస్తుంది, నోటి నుంచి నోటికి తిరిగిన కథే ఇట్లా రెండుగా చీలుతుంది అని. ఇద్దరు ఒకేలా చెప్పి ఉంటే నమ్మేవాళ్ళం కాదని కూడా అన్నాడు. తాతా, బాలామణి అవ్వ నీ మాట విని ఉంటే నేను ఇవాళ విమానంలో ఉండేదాన్ని.

ప్రొఫెసరమ్మ పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తర్వాత అంది, ఆ అమెరికా ఆయన కూడా జర్మన్ మేకలకాపరిని తీసుకుపోయి రాజు పోయిన భయాన్ని వాడి మీద కప్పాడు, కొత్త దేశానికి కథ అట్లానే దొరికింది, మీ కనకయ్య చేసింది అదే పని, నువ్వు దాన్ని తాతల నాటిదని రాసి అసలు సంగతిని కప్పేశావు అని. అధ్యాయం మొత్తం తిరిగి రాయమంది. ప్రతి ఒక్కరి పేరూ ఉండాలట. చదువులోంచి నా పేరు తీసేయడం లేదు. ఆఫీసామె కార్డు నా వైపు జరిపింది.

బయటికి వచ్చి కార్డు జేబులో పెట్టి, పది అడుగులకోసారి తడుముకుంటూ నడిచాను. ఇంకా తడుముకుంటూనే ఉన్నాను. భయం పోలేదు, కాస్త కూర్చుంది. అన్నం తిన్నాను. నిలిచింది.

రిషిత


బీరప్పగడ్డ, జనగామ దగ్గర, జూలై

చిరంజీవి రిషితకు తాత రాసేది.

చేరాను. విమానంలో నిద్రపోయాను. లేచేసరికి ఎక్కడున్నానో తెలియలేదు. పక్క పిల్ల "ఏ ఊరు తాతా" అంటే కాసేపు ఊరు పేరు రాలేదు. ఆ భయం నీకు చెప్పినా తెలియదు. లేక నీకే తెలుసేమో.

ఇంటికి పోకుండా నేరుగా మంద దగ్గరికి పోయాను. దారంతా ఒకటే గుబులు. నువ్వు కమిటీ ముందు నిలబడ్డప్పటి మాట గుర్తొచ్చింది. గట్టు మీద నిలబడి నాలుక మడిచి పిలిచాను. ఒక్కటి తలెత్తలేదు. మేస్తూనే ఉన్నాయి. తమ్ముడి కొడుకు నవ్వాడు. "పెద్దయ్యా, ఆ కోటు చూసి ఎవరో అధికారి అనుకున్నయ్" అన్నాడు. జితేంద్ర కొనిచ్చిన కోటు విప్పేశాను. వాడి గొంగడి కప్పుకున్నాను. రెండోసారి పిలవాలంటే ధైర్యం చాలలేదు. ఈసారి కూడా తలెత్తకపోతే నేను ఎక్కడికి పోవాలి. ఎక్కడానికి గుట్ట కూడా లేదు, క్వారీ వాళ్ళు తవ్వుకుపోయారు.

పిలిచాను. తలలెత్తాయి. రాలేదు. చెవి తెగిన ముసలి గొర్రె ఒకటి సగం దాకా వచ్చి ఆగింది. నన్ను చూస్తూ నిలబడింది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. అది ఇక కదలదని అర్థమయ్యాక మిగతా సగం నేనే నడిచాను.

బాలామణికి చెప్పాను. ఊఁ అంది.

నీ కాగితంలో కనకయ్య ముగింపు పెట్టు, నేను నీకు చెప్పింది పెట్టు, ఇదీ పెట్టు. దీని కింద గొర్ల బీరయ్య అని నా పేరు రాయి. ఇది మా తాత చెప్పిన మాట కాదు.